బుర్గి గేటు కాపలా

మా తమ్ముడు వెందెల్ భార్య బుర్గి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట నేను చాటున అనడం లేదు. ఆవిడ మొహం మీదే అన్నాను, ఒకసారి కాదు. ఆవిడా తక్కువ తినలేదు. “నేనూ నోరు మూసుకుంటే మీ తమ్ముడితో కాపురం ఎట్లా వదినా? మా ఇంట్లో గోడలే ఆయనకన్నా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతాయి” అంది. అదీ నిజమే. వెందెల్ ఆవులతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మావాడి మౌనం పుణ్యమా అని ఆ ఇంట్లో మొగుడి వంతు దెబ్బలాటలు కూడా నేనే ఆడాల్సి వచ్చింది. పాలు పిండే వేళ దగ్గర్నుంచి పిల్లకి జడ వేసే తీరు దాకా మేమిద్దరం పోట్లాడుకోని సంగతి లేదు. కాబట్టి ఆవిడ గురించి చెప్పడానికి ఈ ఊళ్ళో నాకన్నా హక్కున్నవాళ్ళు లేరు.

బుర్గిది మా టిరోల్ మంచుకొండల వైపు కాదు. తూర్పున, హంగరీ సరిహద్దు వైపు, ద్రాక్షతోటల చదును నేల. అక్కడ ఎత్తుగా కనబడేది చర్చి గోపురం ఒక్కటే. ఒక శీతాకాలం మా ఊరి హోటల్లో గిన్నెలు కడగడానికి వచ్చింది. సీజను అయిపోగానే పోవాల్సిన మనిషి. వెందెల్ మా ఇంటి వెనక వాలు మీద ఆవిడకి స్కీయింగు నేర్పబోయాడు. స్కీల మీద ఎలా ఆగాలో చెప్పడం మరిచిపోయాడు, మాటలు పొదుపు కదా. ఆవిడ కేకలు పెట్టుకుంటూ జారిపోయి మా పేడకుప్పలో ఆగింది. లేచి, మొహం తుడుచుకుని, మావాణ్ణి తిట్టిన తిట్లు అవతలి కొండ దాకా వినపడ్డాయి. వెందెల్ కడుపు పట్టుకుని నవ్వాడు. వాడు అంతగా నవ్వడం మా అమ్మ కూడా అంతకుముందు చూడలేదు. ఆ శరదృతువులో పెళ్ళయింది.

ఆ తర్వాత ఆవిడ పిల్లల కొండ దగ్గర లాగుడు లిఫ్టు పనిలో చేరింది. పైనుంచి తాడుకి ఓ అడ్డకర్ర వేలాడుతుంది. దాన్ని తొడల వెనక పెట్టుకుని నిలబడితే తాడు పైకి లాక్కుపోతుంది. ఆనుకోవాలి, కూర్చోకూడదు. కూర్చున్నవాడు వెల్లకిలా పడతాడు. అందుకని బుర్గి ప్రతి పిల్లకీ కర్ర అందిస్తూ “ఆనుకో, కూర్చోకు!” అని అరుస్తుంది. ఎన్ని శీతాకాలాలుగా అరుస్తోందంటే, ఇప్పుడు మీసాలు వచ్చినవాళ్ళు కూడా అంగట్లో ఆవిడ గొంతు వినపడగానే నడుం నిటారుగా పెడతారు. ఆవిడ గొంతు అలా తయారైంది లిఫ్టు మోటారు మోత మీదుగా వినపడటానికే. కానీ వంటింట్లోనూ అదే గొంతు, చర్చిలోనూ అదే గొంతు.

ఒక్కతే కూతురు, సెఫా. పదకొండేళ్ళది. మా ఊళ్ళో పిల్లలు నడక రాగానే స్కీల మీద నిలబడతారు, కాస్త గట్టిపడితే క్లబ్బులో చేరి పోటీలకు పోతారు. సెఫా కూడా పోయింది. పోటీ చూడటమంటే ఇంటిల్లిపాదికీ పని. ముందురోజే స్కీల అడుగున వేడి ఇస్త్రీపెట్టెతో మైనం పట్టించాలి. చీకటితోనే లేవాలి. కాళ్ళు కొంకర్లు పోయేదాకా కంచె పక్కన మంచులో నిలబడాలి. అంతా చేస్తే మన పిల్ల కనబడేది రెప్పపాటు.

బుర్గి ఆ కాసేపు ఊరుకునేది కాదు. “మోకాళ్ళు! మోకాళ్ళు వంచు! కిందకి చూడవే! చేతులు ముందుకి!” అని కంచె మీద సగం వంగి అరిచేది. తన పిల్లకే కాదు, పైనుంచి ఏ పిల్ల దిగినా సరే. కొంతమంది తల్లిదండ్రులు నవ్వుకునేవాళ్ళు. ద్రాక్షతోటల మనిషి కొండోళ్ళ పిల్లలకి స్కీయింగు నేర్పుతోందని నా ముందే అన్నాడొకడు. వాడి నోరు నేను మూయించాను. మా మరదల్ని అంటే నేను అనాలి, వాడెవడు అనడానికి?

ఈ శీతాకాలం సెఫాకి ఏదో పట్టింది. స్లాలమ్ పోటీ అంటే జెండా కర్రల గేట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ రెండుసార్లు దిగాలి. ఒక్క గేటు తప్పినా ఆ పరుగు లెక్కకి రాదు. సెఫా ప్రతి పోటీలో ఏదో ఒక గేటు తప్పింది. ఒకసారి పడింది, ఒకసారి దాటిపోయింది, ఇంకోసారి కర్ర రెండు కాళ్ళ మధ్యకి వచ్చింది. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. ఒక్క పోటీలోనూ పేరు పక్కన సమయం పడలేదు. కోచ్ క్లెమెన్స్ మంచివాడే కానీ మొహమాటం లేనివాడు. ఆఖరి పోటీ మా ఊరి కొండ మీదే. అందులోనైనా రెండు పరుగులూ పూర్తిచేస్తే వచ్చే ఏడు జట్టులో ఉంటుంది, లేదంటే జట్టులో ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాలి అని వెందెల్‌తో చెప్పి వెళ్ళాడు. వెందెల్ తల ఊపాడు. ఆ సంగతి పిల్లకి చెప్పింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లోనే భోజనానికి ఉన్నాను. పులుసులో రొట్టె ఉండలు. బుర్గి వడ్డిస్తూ, పోటీ నాడు తను కంచె దగ్గర ఎక్కడ నిలబడాలో, పిల్ల ఎక్కడ మోకాళ్ళు వంచాలో ఏకరువు పెడుతోంది. సెఫా ఉండని చెంచాతో రెండుగా కోసి, తినకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

“అమ్మా, ఈసారి నువ్వు రావద్దు.”

“ఎక్కడికి?”

“పోటీకి. నీ గొంతు వినపడితే నా తల అటు తిరుగుతోంది. తల తిరిగితే కాళ్ళూ తిరుగుతాయి. అప్పుడే గేటు పోతోంది.”

బుర్గి ముందు నవ్వబోయింది. పిల్ల నవ్వకపోయేసరికి కోపం వచ్చింది. ముందురోజే మైనం పట్టించేది నేను, పొద్దున్నే లేచేది నేను, చలికి నీలుక్కుపోయేది నేను, ఇప్పుడు నువ్వు పడటానికి కూడా నేనే కారణమా అని మొదలుపెట్టింది. ఇక ఆగదనుకున్నాను. అప్పుడు వెందెల్ చెంచా కింద పెట్టాడు.

“పిల్ల నిజమే చెప్పింది” అన్నాడు.

అంతే. ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి, పాలు పిండే వేళ కాకపోయినా ఆవుల కొట్టంలోకి వెళ్ళిపోయింది. పిల్ల మీద అరిచినందుకు నాలుగు దులిపేద్దామని నేనూ వెనకే వెళ్ళాను. బ్లూమ అని వాళ్ళకో ముసలి ఆవుంది. దాని పొట్టకి నుదురు ఆనించి నిలబడింది మా మరదలు.

“నాకు స్కీయింగు రాదు వదినా. మీ అందరికీ పుట్టుకతో వచ్చింది, నాకు రాలేదు. నాకు వచ్చిందల్లా అరవడం. అది కూడా పనికిరాదంటే పిల్లకి నేనేం ఇవ్వాలి?”

ముందు ముక్కు తుడుచుకోమన్నాను. నాకు అంతకన్నా చేతకాలేదు.

ఉపాయం తట్టింది మాత్రం నాకే. పిల్లల పోటీ జరగాలంటే ప్రతి క్లబ్బూ గేటు కాపలాకి మనుషుల్ని ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ క్లబ్బు పిల్లలు పరుగు మొదలుపెట్టలేరు. నేను ఏటా నిలబడుతూనే ఉన్నాను. గేటు కాపలా అంటే, ఒక్కొక్కరికీ అప్పజెప్పిన కొన్ని గేట్లలోంచి ప్రతి పిల్లా సరిగ్గా పోయిందా లేదా చూడటం. పక్కకి చూడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ఎవరినీ ఉత్సాహపరచకూడదు. ఈసారి మా క్లబ్బుకి ఒక మనిషి తక్కువయ్యారు. నువ్వు నిలబడు, నీ నోటికి నిబంధనే తాళం వేస్తుంది, పిల్లనీ చూసుకోవచ్చు అన్నాను. బుర్గి ఆలోచించింది. సెఫా దగ్గరికి వెళ్ళి అడిగింది, అదీ మెల్లగా.

“ఒక్క మాట కూడా మాట్లాడవా?” అంది పిల్ల.

“ఒక్క మాట కూడా.”

“ఒట్టు?”

“బ్లూమ మీద ఒట్టు.”

మా ఇళ్ళలో అంతకన్నా పెద్ద ఒట్టు లేదు.

పోటీ రోజు ఎండ కాసింది. మార్చి ఎండకి మంచు మెత్తబడితే పిల్లల స్కీలు దిగబడతాయి. అందుకని వెందెల్, ఇంకో నలుగురు మగవాళ్ళూ పొద్దున్నే కొండ పొడుగునా ఉప్పు చల్లారు. ఉప్పు పడితే పైపొర బిగుసుకుంటుంది. అయినా మధ్యాహ్నానికి గేట్ల దగ్గర గుంటలు పడతాయని అందరికీ తెలుసు. పిల్లలు రాకముందు కాపలా వాళ్ళని పిలిచి, పోటీ నడిపే పెద్దాయన నిబంధనలు మరోసారి చెప్పాడు. పడినా, దాటిపోయినా, గేటులోంచి సరిగ్గా పోయానో లేదో తెలియని పిల్ల కాపలా మనిషిని అడగవచ్చు. అడిగితే ఒకే ఒక్క మాట చెప్పాలి. సరిగ్గా వచ్చిందంటే “పద”. తప్పిందంటే “వెనక్కి”. ఇంకేమీ అనకూడదు. బుర్గి బుద్ధిగా తల ఊపింది. మెడగుడ్డ ముక్కు దాకా చుట్టుకుని వచ్చింది, నోరు కనబడకుండా.

ఆవిడకి పడిన చోటు మెట్టు. కొండ మధ్యలో నేల ఒక్కసారిగా కిందకి జారే చోటుని మేం మెట్టు అంటాం. ఈ కొండ మీద సగం మంది పడేది అక్కడే. నాకు దానికి ఎదురుగా, దారికి ఇవతలి పక్క గేట్లు పడ్డాయి. వెందెల్ కింద, ముగింపు గీత దగ్గర. చేతిలో బ్లూమ మెడగంట. మా వైపు పిల్లలు దిగితే ఆవుగంటలు ఊపుతారు. బ్లూమ గంట మోత పాత బావిలో బిందె పడ్డట్టు ఉంటుంది, వందలో గుర్తుపట్టవచ్చు.

మొదటి పరుగులో సెఫా నిదానంగా దిగింది. నిదానమే కానీ శుభ్రంగా దిగింది. తల్లి గేట్ల దగ్గర తల అటూ ఇటూ తిప్పలేదు. బుర్గి రాయిలా నిలబడింది. చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలిపేస్తున్నాయి. పిల్ల కిందకి చేరాక బ్లూమ గంట మోగింది. ఆవిడ నా వైపు చూసి, మెడగుడ్డ పైనుంచే నవ్వింది. ఆ నవ్వు కళ్ళలో కనబడింది.

ఇల్లు అలకగానే పండగ కాదు. రెండో పరుగు వేళకి ఉప్పు బలం తగ్గిపోయింది. గేట్ల దగ్గర మంచు తవ్వుకుపోయి, గుంటల్లో నీళ్ళు ఊరుతున్నాయి. సెఫా పైనుంచి బాగానే వచ్చింది. మెట్టు అంచు మీదికి వచ్చేదాకా బాగానే ఉంది. అక్కడ ఎడం స్కీ గుంటలోకి దిగింది. పిల్ల తుంటి మీద పడి, గేటు కర్రని రాసుకుంటూ జారి, దాని కిందుగా ఆగింది.

పిల్ల లేచింది. స్కీలు ఊడలేదు. తల తిప్పి పైనున్న గేటుని చూసింది. తను ఏ పక్క నుంచి వచ్చిందో దానికి తెలియలేదు. పడేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? నాకూ సరిగ్గా కనబడలేదు, కనబడినా అది నా గేటు కాదు. చూడగలిగిన చోట నిలబడింది బుర్గి ఒక్కతే.

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కదల్లేదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడ ఒట్టు వేసింది. ఒక్క మాట కూడా అననని ఒట్టు. పెళ్ళయిన నాటి నుంచీ ఒక్క పూట నోరు ముయ్యని మనిషి, పిల్ల కోసం పొద్దుటి నుంచి పళ్ళు బిగబట్టుకుని నిలబడింది. నిబంధన చెప్పమంటోంది, ఒట్టు చెప్పొద్దంటోంది. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చెప్పవే, చెప్పి చావవే అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. నేనూ కాపలాలోనే ఉన్నాను, నా నోటికీ అదే తాళం. పైన తర్వాతి పిల్లవాణ్ణి వదిలేశారని మైకులో చెప్పారు. వాడు వచ్చేలోపు సెఫా దారిలోంచి తప్పుకోవాలి, లేదా పరుగు సాగించాలి.

“అమ్మా!”

బుర్గి నోటి మీది మెడగుడ్డ కదిలింది. మాట రాలేదు.

“అమ్మా, చెప్పు!”

ఆ కేకలో కోపం లేదు. నీళ్ళలో పడ్డవాళ్ళు చెయ్యి చాపినట్టు ఉంది. రావద్దన్న పిల్ల, మాట్లాడొద్దన్న పిల్ల, ఇప్పుడు ఆ గొంతు కోసమే చూస్తోంది. బుర్గి మెడగుడ్డ కిందకి లాగింది.

“వెనక్కి!”

కింద లిఫ్టు వరసలో నిలబడ్డవాళ్ళంతా తల తిప్పి చూశారు. వాళ్ళలో సగం మంది నడుములు నిటారుగా పెట్టి ఉంటారు కూడా.

నాకు ఒక క్షణం ఆవిడ మీద ఒళ్ళు మండింది. “పద” అని ఉంటే పిల్ల అలాగే దిగిపోయేది, అడిగేవాళ్ళు లేరు. మెత్తటి మంచులో, అంత వాలు మీద, వెనక్కి ఎక్కడమంటే పెద్దవాళ్ళకే నడుం విరుగుతుంది. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. దారి పక్కకి పోయి కూలబడుతుందనుకున్నాను. అలా చేసినా నేను దాన్ని ఏమీ అనకపోదును.

సెఫా ఏడవలేదు. స్కీలు అడ్డంగా పెట్టి, పక్కవాటుగా ఒక్కొక్క అడుగే పైకి వేసింది. ఒకచోట జారింది, చేతికర్ర గుచ్చి ఆగింది, మళ్ళీ ఎక్కింది. గేటు పైకి చేరి, కర్ర చుట్టూ సరైన పక్కకి తిరిగి, కిందకి దూకింది. తల్లి వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

తర్వాతి పిల్లవాడు అప్పటికే మెట్టు అంచు మీదికి వచ్చేశాడు. పక్క లోయ క్లబ్బువాడు. వాడి గేట్లు చూడాల్సింది బుర్గే. నేను ఆవిడనే చూస్తున్నాను. సెఫా ఆఖరి గేట్ల వైపు పోతోంది. బుర్గి తల కూతురి వైపు వెంట్రుకవాసి తిరిగింది. అంతే, మళ్ళీ పైకి తిరిగి, ఎవరి పిల్లవాడో వాడి స్కీల మీదికి చూపు పోయింది. శీతాకాలమంతా ఏ క్షణం కోసం చలిలో నిలబడిందో ఆ క్షణాన కూతురికి వీపు పెట్టి నిలబడింది మా మరదలు. ఆవిడతో నేను పడ్డ తగువులన్నీ ఆ నిమిషాన మాఫ్ చేసేశాను. తర్వాత కొన్ని వెనక్కి తీసుకున్నాననుకోండి.

సెఫా గీత దాటడం ఆవిడ చూడలేదు. విన్నది. ముందు బ్లూమ గంట మోగింది. దాని వెనక గంటలన్నీ మోగాయి, మా క్లబ్బువీ, పరాయి క్లబ్బులవీ కూడా. అన్నిటినీ మించి ఎవరో మగమనిషి పొలికేక పెట్టాడు. ఎవడ్రా ఈ పిచ్చివాడు అనుకున్నాను. మా వెందెల్.

బుర్గి ఏడుస్తోంది. ముక్కు కారుతోంది. తుడుచుకోవడం లేదు, తుడుచుకుంటే కళ్ళకి చెయ్యి అడ్డం వస్తుందని. ఆఖరి పిల్ల దిగేదాకా అలాగే చూసింది.

సెఫాది అందరికన్నా వెనక స్థానం. దాని పైనున్న పిల్లకీ దీనికీ మధ్య ఒక ఆవు పాలు పిండేయవచ్చు. అయినా పేరు పక్కన సమయం పడింది. కాపలా మనిషి సొంత కూతురికి సాయం చేసిందని ఒక తండ్రి గొణిగాడు. వెనక్కి ఎక్కించడం సాయమైతే నీ కొడుక్కి కూడా చేస్తాం, పంపించమన్నాను. పెద్దాయన అయితే, ఆ మాట చెప్పకపోతేనే తప్పయ్యేదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. క్లెమెన్స్ వచ్చి పిల్ల హెల్మెట్ మీద తట్టి, మే నెల నుంచే జట్టుకి కాళ్ళ కసరత్తు ఉంటుంది, ఎగ్గొట్టొద్దని చెప్పి పోయాడు.

మేమిద్దరం జెండా కర్రలు పీకి భుజాన వేసుకుని కిందకి దిగేసరికి సెఫా మంచు మీద కూర్చుని ఆవాల ముద్దలో ముంచుకుని సాసేజి తింటోంది. బుర్గి దాని ఎదురుగా నిలబడింది. మెడగుడ్డ అంచు మెలితిప్పుతూ, తప్పు చేసిన పిల్లలా.

“ఒట్టు తప్పాను” అంది.

సెఫా నోట్లోది నమిలి మింగింది. తల్లి వైపు చూసిన చూపు అచ్చం ఆవిడదే, లిఫ్టు దగ్గర కర్ర మీద కూర్చున్న పిల్లల్ని ఆవిడ చూసే చూపు.

“ఎంతసేపు నిలబెట్టావమ్మా నన్ను! అడగ్గానే చెప్పొద్దూ? వచ్చే ఏడు మాత్రం వెంటనే చెప్పు.”

బుర్గి మంచులో కూతురి పక్కనే చతికిలబడి, దాని చేతిలోని సాసేజి ఓ ముక్క కొరికింది.